చిన్న గుంపుగా కూర్చుని బైబిల్ చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్యనున్న మా ఊళ్ళో ప్రతి గురువారం సాయంత్రం ఎనిమిది తొమ్మిదిమందిమి ఎవరో ఒకరి ఇంటి వరండాలో కూర్చుని బైబిల్ చదువుకుంటున్నాం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, వశిష్ఠ అవతలి కోనసీమ నుంచీ ఇలాంటి గుంపు మొదలుపెడదామనుకునేవారు మమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే కావడంతో, మాకు తెలిసినంతలో జవాబులు రాసి ఇక్కడ ఉంచుతున్నాం.

చిన్న గుంపు అంటే ఎంతమంది?

నలుగురికి తగ్గకుండా, పన్నెండుమందికి మించకుండా ఉంటే బాగుంటుందని మా అనుభవం. అంకె కంటే మేము చూసుకునే గుర్తులు వేరే ఉన్నాయి. ఒకరు రాకపోతే మిగతావారికి ఆ లోటు తెలియాలి. అందరూ ఒకే లైటు కింద కూర్చోగలగాలి. మైకు లేకుండా ముసలమ్మ గొంతు కూడా చివరివారికి వినపడాలి. మైకు అవసరమైందంటే అది కూటమైపోయినట్టే. గృహకూడిక, కాటేజీ ప్రార్థన, సెల్ గ్రూపు, బైబిల్ స్టడీ అని సంఘానికో పేరు వాడుకలో ఉంది, ఏదైనా ఫర్వాలేదు. మా వీధిలో ‘సంఘం మీటింగు’ అంటే మాత్రం సగంమంది డ్వాక్రా పాసుపుస్తకాలు పట్టుకుని వస్తారు కాబట్టి, ఆ మాట వాడడం మానుకున్నాం.

ఆదివారం ప్రసంగం వింటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఇది ఎందుకు?

మా ప్రాంతంలో వాక్యం వినడానికి కొదవ లేదు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస కూటం, వేసవిలో మూడు రాత్రుల ఉజ్జీవ కూటాలు, తెల్లవారితే టీవీలో ఒకరు, ఫోనులో ఇంకొకరు. వినదలచినవారికి రోజంతా వినడానికి ఉంది. కొరతగా ఉన్నది ఒకటే: చెప్పేవారిని ఆపి, “అయ్యగారూ, ఆ మాట నాకు అర్థం కాలేదండీ” అనే అవకాశం. మూడువందలమంది కూర్చున్న మందిరంలో అలా అడగడం మర్యాదా కాదు, సాధ్యమూ కాదు. అందువల్ల ముప్ఫై ఏళ్ళు క్రమం తప్పకుండా ప్రసంగాలు విన్నవారు కూడా, ‘నీతిమంతుడుగా తీర్చబడుట’ అంటే ఏమిటని మనవరాలు అడిగితే తడబడతారు. తప్పు వారిది కాదు. ఆ మాటను తమ నోటితో చెప్పి చూసుకోవలసిన అవసరం వారికి ఎన్నడూ రాలేదు.

బైబిల్‌లోనే ఈ రెండు రకాల వినడమూ కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారి రథంలో యెషయా గ్రంథం బిగ్గరగా చదువుకుంటూ వెళుతుంటాడు. చదవడం వచ్చినవాడే, చేతిలో గ్రంథమూ ఉంది. అయినా, చదువుతున్నది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవరూ త్రోవ చూపకుండా ఎలా అర్థమవుతుందని ఎదురడుగుతాడు. ఫిలిప్పు కింద నిలబడి ఉపన్యసించలేదు, రథమెక్కి పక్కన కూర్చున్నాడు. 17వ అధ్యాయంలో బెరయవారు పౌలు చెప్పినది ఆసక్తితో విని, అది నిజమో కాదో లేఖనాలు తెరిచి ప్రతిదినం చూసుకున్నారు, గ్రంథం అందుకు వారిని తప్పుపట్టకపోగా మెచ్చుకుంది. పౌలంతటివాడి మాటనే సరిచూసుకోవచ్చునంటే, మన ఊరి పాస్టరు గారి ప్రసంగాన్ని గురువారం మళ్ళీ తెరిచి చూసుకోవడం ఆయనను అవమానించడం కాదు. మా పాస్టరు గారైతే, ఆదివారం చెప్పిన భాగం మీద మేము ఏమనుకున్నామో శుక్రవారం పొద్దున్నే అడుగుతారు.

ఇంట్లో ఒక్కరమే చదువుకుంటే సరిపోదా?

చదువుకోవాలి, అది మానవద్దు. అయితే ఒక్కరు చదివేటప్పుడు కళ్ళు తమకు తెలిసిన మాటల మీదే ఆగుతాయి, తెలియని మాటల మీద నుంచి జారిపోతాయి. జారిపోయాయన్న సంగతి కూడా మనకు తెలియదు. మా గుంపులో రూతు గ్రంథం చదివినప్పటి సంగతి ఒకటి చెబుతాము.

రెండవ అధ్యాయంలో పేద వితంతువైన రూతు పొలానికి వెళ్ళి ‘పరిగె’ ఏరుకుంటుంది. మాలో ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడు ఆ మాటను ఏదో గింజ పేరనుకుని చదువుకుంటూ పోతున్నాడు. గోడకానుకుని కూర్చున్న డెబ్భై ఏళ్ళ మామ్మగారు అతన్ని ఆపి, “పరిగంటే గింజ కాదు నాయనా, కోత కోసి పనలు కట్టాక చేలో రాలిపోయిన వెన్నులు. వాటినే మేము ఏరుకుని, ఒళ్ళో వేసుకుని, ఇంటికొచ్చి చేత్తో నలుపుకునేవాళ్ళం” అన్నారు. అక్కడితో ఆగలేదు. పరిగకు వెళ్ళినవారిని కొందరు రైతులు కేకలేసి గట్టు ఎక్కించేవారనీ, కొందరు చూసీ చూడనట్టు ఊరుకునేవారనీ, ఒకాయన మాత్రం కావాలనే పన కదిపి నాలుగు వెన్నులు రాల్చి వెళ్ళేవాడనీ చెప్పారు. పదహారవ వచనం అప్పటికి ఎవరమూ చదవలేదు. పొలం యజమాని బోయజు తన పనివారితో, రూతు కోసం పనల్లోంచి కావాలనే కొంత లాగి పడవేయమని చెప్పేది ఆ వచనంలోనే! కుర్రవాడు అది చదివి, తలెత్తి మామ్మగారి వైపు చూసి, మళ్ళీ చదివాడు.

ఆ సాయంత్రం రూతు చేతికొచ్చిన యవలు ‘దాదాపు తూమెడు’ అన్న దగ్గర కూడా ఆగాము. తూమంటే నాలుగు కుంచాలని మామ్మగారికి తెలుసు. హెబ్రీ కొలతలో అది ఏఫా అనీ, సుమారు 22 లీటర్లనీ కుర్రవాడు ఫోనులో చూసి చెప్పాడు. పొద్దస్తమానం ఏరినా ఒక మనిషికి పరిగలో అంత రాదని మామ్మగారు లెక్కకట్టారు. అంటే బోయజు చెప్పిన మాటను పనివారు నిజంగానే పాటించారన్నమాట. ఇది ఏ వ్యాఖ్యాన గ్రంథం తెరవకుండా మాకు దొరికింది. కోత మిషన్లు వచ్చాక మా చేలల్లో పరిగ ఏరేవారు దాదాపు లేరు. ఆ మామ్మగారు లేకపోతే ఆ మాట మాకు అచ్చక్షరంగానే మిగిలిపోయేది. కుర్రవాడు లేకపోతే, పరిగెను పేదలకు వదలమన్న ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉందని ఆమెకు తెలిసేది కాదు. “మేమేదో వాళ్ళ దయ మీద ఏరుకున్నామనుకున్నాను. అది మా వంతన్నమాట” అని ఆమె అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది.

వాగ్దాన వచనం పట్టుకుని ప్రార్థిస్తున్నాము. అధ్యాయమంతా చదవవలసిన పని ఏముంది?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుని, దాన్ని ఏడాది పొడవునా బీరువా అద్దానికి అంటించుకోవడం మన ఇళ్ళల్లో ఉన్నదే. దాన్ని తీసిపారేయమని మేము అనము. అయితే ఆ వచనం ఎవరికి, ఎప్పుడు, ఏ పరిస్థితిలో రాశారో చూస్తే, చాలాసార్లు కార్డు మీద ఉన్నదానికంటే ఎక్కువే దొరుకుతుంది.

మాలో ఒక అక్కకు యిర్మీయా 29:11 వచ్చింది. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న ఆ వచనం ఎంతోమంది ఇళ్ళల్లో గోడల మీద ఉంటుంది. ఆమె కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి నాలుగేళ్ళయింది. ఆ ఏడాదే కూతురు తిరిగివచ్చేస్తుందని ఆ కార్డు చెబుతోందని ఆమె నమ్మకం. మేము అధ్యాయం మొదటి నుంచి చదివాము. అది బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. త్వరలోనే తిరిగి వచ్చేస్తారని చెబుతున్న ప్రవక్తలను నమ్మవద్దంటాడు. తిరిగి రావడానికి డెబ్భై సంవత్సరాలు పడుతుందని పదో వచనంలోనే ఉంది. అందాకా ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఐదు, ఏడు వచనాలు చెబుతాయి.

ఆ అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేము కూడా ఏదో ఒకటి చెప్పి ఆ మౌనాన్ని పూడ్చకుండా ఊరుకున్నాము. అలా ఊరుకోగలగడం నేర్చుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. తరువాత ఆమె, “అయితే అక్కడుండగానే మంచి జరుగుతుందన్నమాట” అన్నారు. అప్పటి నుంచి కూతురు పనిచేసే ఇంటివారి కోసం కూడా ప్రార్థన చేయమని మమ్మల్ని అడుగుతున్నారు. ఒంటరిగా చదివి ఉంటే, ఆ డెబ్భై ఏళ్ళ మాట దగ్గరే ఆమె పుస్తకం మూసేసి ఉండేవారేమో.

ఇది ఈమధ్య వచ్చిన విదేశీ పద్ధతి కాదా?

పద్ధతిగా ఇది మొదటి శతాబ్దం నాటిది. రోమీయులకు రాసిన పత్రికలో అకుల, ప్రిస్కిల్లల ఇంట కూడే సంఘానికి పౌలు వందనాలు చెబుతాడు; ఫిలేమోను ఇంట్లోనూ, నుంఫా ఇంట్లోనూ సంఘాలు ఉండేవి. అపొల్లో పండితుడే అయినా, అతనికి తెలియని సంగతులను అకుల, ప్రిస్కిల్ల విడిగా చేర్చుకుని మరింత వివరంగా చెప్పారని అపొస్తలుల కార్యములు 18:26లో ఉంది. సభలో లేచి అతన్ని సరిదిద్దలేదు, గమనించండి.

తరువాతి చరిత్రలో ఒక దారి మన తెలుగు దాకా వచ్చింది. 1670లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో స్పేనర్ అనే లూథరన్ పాదిరి తన ఇంట్లో కొద్దిమందిని కూర్చోబెట్టి, భక్తి గ్రంథాలనూ లేఖనాలనూ చదివి చర్చించుకోవడం ప్రారంభించాడు. 1675లో దాన్ని సంఘమంతటికీ సిఫారసు చేస్తూ రాశాడు. ఆ ఉద్యమం హాలే నగరంలో వేళ్ళూనుకుంది. హాలే నుంచి తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చిన మిషనరీలలో ఒకరైన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండగా బైబిల్‌ను తెలుగులోకి అనువదించాడు. 1732 నాటికి పని పూర్తయినా అది అచ్చుకు నోచుకోలేదు. తెలుగు లేఖనాలు అచ్చు రూపంలో చేతికందడానికి 1812 దాకా ఆగవలసి వచ్చింది. విశాఖపట్నంలో మిషనరీ దేగ్రాంజ్, ఆయన సహాయకుడు ఆనందరాయరు కలిసి చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఆ ఏడాది వచ్చాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒక్కొక్క మాటకు తెలుగులో ఏమనాలో తేల్చుకుంటూ చేసిన పని అది. మన భాషలో మొదటి బైబిల్ స్టడీ అదేనని నేను సరదాగా అంటుంటాను.

డెల్టా విషయానికొస్తే, 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సహోదర సంఘాలకు పునాది వేశాయి. ఆ సంఘాల్లో అభిషిక్తుడైన పాదిరి ఒక్కడే బోధించాలన్న నియమం లేకపోవడం వల్ల, వ్యవసాయదారులూ కూలీలూ చేతివృత్తులవారూ వాక్యం చదివి నలుగురి ముందు చెప్పడం ఇక్కడ చాలా ముందే అలవాటైంది. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న 1847-1852 మధ్య కాలానికి ఈ పని అప్పుడప్పుడే వేళ్ళూనుకుంటోంది. 1845లో రాజమండ్రిలో లూథరన్ మిషన్, 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషన్ మొదలయ్యాయి. కాబట్టి వరండాలో కూర్చుని చదవడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. మధ్యలో మైకులు వచ్చి ఆ అలవాటును కాస్త పక్కకు నెట్టాయి, అంతే.

పాస్టరు గారు లేకుండా చదివితే తప్పుడు బోధ పుట్టదా?

పుట్టవచ్చు. పాస్టరు గారు ఉన్నా పుట్టవచ్చు. తప్పుడు బోధకు కావలసినది ఎవరూ ప్రశ్నించని గొంతు. అది ప్రసంగ వేదిక మీద ఉన్నా, వరండాలో ఉన్నా ఒకటే. చిన్న గుంపులో రక్షణ ఏమిటంటే, ఎవరేమన్నా, “అది ఏ వచనంలో ఉందండీ?” అని అడగడం అమర్యాద అనిపించుకోదు. వచనం చూపించలేకపోతే, అది ఆయన అభిప్రాయమని అందరికీ తెలిసిపోతుంది. తేలని విషయాన్ని నోటుపుస్తకంలో రాసుకుని పాస్టరు గారిని అడుగుతాము. ఆయనకు చెప్పకుండా, ఆయనకు తెలియకుండా గుంపు నడపకండి. చాటుగా నడిచేది ఏదైనా చివరకు సంఘాన్ని చీలుస్తుంది.

చదువు రానివారు వస్తే ఎలా?

మాలో ముగ్గురికి చదవడం రాదు. కీర్తనలు మాత్రం మా అందరికంటే వారికే ఎక్కువ నోటికి వచ్చు. భాగాన్ని రెండుసార్లు నెమ్మదిగా బిగ్గరగా చదివించి, తరువాత చదవని వారినొకరిని ఆ కథ తమ మాటల్లో చెప్పమంటాము. పౌలు పత్రికలు కూడా సంఘంలో చదివి వినిపించడానికే రాసినవి. కొలొస్సయులకు 4:16లో ఆయనే అలా చెప్పాడు. చదువుకున్నవారు కంటితో దాటేసిన మాటను, చెవితో విన్నవారు పట్టుకోవడం మేము చాలాసార్లు చూశాము.

ఇప్పుడు ఇంకొక రకం చదువు రానివారు వస్తున్నారు: ఇంగ్లీషు మీడియం పిల్లలు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వారిని చులకన చేయకుండా, వంతు వచ్చినప్పుడు రెండు వచనాలు చదివించండి. ఆరు నెలల్లో తేడా కనిపిస్తుంది.

ఏ అనువాదం వాడాలి?

మా దగ్గర అందరి చేతుల్లోనూ బైబిల్ సొసైటీవారి పాత అనువాదమే ఉంది, అదే చదువుతాము; నోటికి వచ్చిన వచనాలన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి కనుక దాన్ని వదులుకోలేము. కానీ ఆ భాషకూ మన వాడుకకూ దూరం పెరిగింది. ‘సమాధానము’ అంటే బైబిల్‌లో శాంతి. బడిపిల్లవాడికి అది పరీక్షలో రాసే జవాబు. ‘నిరీక్షణ’ అంటే అక్కడ ఆశ. ఇక్కడ బస్సు కోసం ఎదురుచూడడం. ‘రక్షణ’ అంటే అక్కడ పాపం నుంచి విడుదల. ఆ మాట అనగానే ఒకాయనకు హోంగార్డు ఉద్యోగం గుర్తొచ్చిందట. ఇలాంటి మాట వచ్చినప్పుడు ఆగి, వాడుక తెలుగు అనువాదంలో ఏముందో ఎవరో ఒకరు ఫోనులో చూసి చదువుతారు. రెండూ పక్కపక్కన పెట్టుకోవడమే మంచిది. కథోలిక స్నేహితులు వస్తే వారి బైబిల్‌లో 73 పుస్తకాలు, మన దానిలో 66 ఉండడం చూసి ఎవరూ కంగారుపడనవసరం లేదు; రెండిటిలోనూ ఉన్న పుస్తకాన్నే చదువుకోండి.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ప్రకటన గ్రంథంతో వద్దు. ప్రతి కొత్త గుంపూ అదే కావాలంటుంది, మూడో వారానికి సగంమంది మానేస్తారు. రూతు నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. నెల రోజుల్లో అయిపోతుంది. తరువాత మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలే అయినా తొందరపడకండి, మాకు ఎనిమిది నెలలు పట్టింది. విత్తువాని ఉపమానం ఒక్కదానికే రెండు వారాలు కూర్చున్నాము, ఎందుకంటే నారు పోసి ఊడ్చే మన ప్రాంతంలో పిల్లలకు, ‘ఆ రైతు దారి మీద, ముళ్ళలో విత్తనాలెందుకు పారేశాడు’ అన్నది పెద్ద సందేహం. వెదజల్లే సేద్యం ఎరిగిన ఒక రైతు లేచి, ఒడిలోంచి గింజలు తీసి విసిరితే చేతివాటున గట్టు మీద ఎలా పడతాయో చేసి చూపించాక గానీ అది తీరలేదు. ఆ తరువాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, యోనా, యాకోబు పత్రిక అనుకూలంగా ఉంటాయి. పౌలు పత్రికను అధ్యాయాలుగా ముక్కలు చేసే ముందు, ఒకసారి మొదటి నుంచి చివరి దాకా ఉత్తరం చదివినట్టు చదివేయండి. అధ్యాయాలు 13వ శతాబ్దంలోనూ, కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లోనూ పెట్టినవే తప్ప పౌలు పెట్టినవి కావు.

గంటన్నర ఎలా గడుస్తుంది?

ఒక పాట, చిన్న ప్రార్థన, రెండుసార్లు పఠనం. తరువాత మూడే ప్రశ్నలు: ఇక్కడ ఏముంది, దాని అర్థమేమిటి, రేపు పొద్దున్న మనం చేయవలసినది ఏమైనా ఉందా. మొదటి ప్రశ్న మీద సగం కాలం గడపండి. మనవాళ్ళు మూడోదానికి దూకుతారు. ఏముందో చూడకముందే నీతి చెప్పేస్తారు. చివర పది నిమిషాలు ప్రార్థన. ఎనిమిదిన్నరకు ముగిస్తామని చెప్పి తొమ్మిదిన్నర దాకా సాగదీస్తే, తెల్లవారుజామున లేవవలసినవారు మళ్ళీ రారు.

ఒక్కరే మాట్లాడేస్తుంటే ఏం చేయాలి?

మొదటి ఏడాది మా గుంపులో ఆ ఒక్కరు, ఈ జవాబులు రాస్తున్న నేనే. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాడిని. ఎవరైనా ప్రశ్న అడగగానే, రెండోవారు నోరు తెరిచేలోగా జవాబు చెప్పేసేవాడిని. అందరూ శ్రద్ధగా తలలూపుతుంటే బాగా నడుస్తోందని అనుకున్నాను. ఒకరోజు ముగిశాక పైన చెప్పిన మామ్మగారే చెప్పులు వేసుకుంటూ, “మాస్టారూ, మీరు రిటైరయ్యారనుకున్నామండీ” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నడిపించే బాధ్యత వారానికొకరికి మారుతోంది. నడిపించేవారు ప్రశ్నలే అడగాలి, చివరగా తప్ప జవాబు చెప్పకూడదు. ఎవరైనా మరీ ఎక్కువ మాట్లాడితే, “ఈ మాట మీద అక్కగారు ఏమంటారో విందాము” అని మళ్ళించడం మర్యాదైన మార్గం. విడిగా చెప్పవలసివస్తే దారిలో నడుస్తూ చెప్పండి.

దళితపేటలోని ఇంటికి ఊళ్ళోవాళ్ళు వస్తారా?

ఈ ప్రశ్న ఎవరూ నలుగురిలో అడగరు, పక్కకు పిలిచి అడుగుతారు. నిజమే చెప్పాలి: మాకూ కష్టమైంది. ఇంటింటికీ మారుతూ కూడాలని మొదట్లోనే నియమం పెట్టుకున్నాము. రెండు కుటుంబాలవారు పేటలోని ఇంటికి వచ్చి వాక్యం చదివి, టీ గ్లాసు మాత్రం ముట్టకుండా వెళ్ళిపోయేవారు. ఎవరమూ ఏమీ అనలేదు. కొంతకాలానికి గలతీయులకు రాసిన పత్రిక చదువుతూ రెండవ అధ్యాయానికి వచ్చాము. అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి భోజనం చేస్తున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గడం, పౌలు అందరి ఎదుట ఆయనను నిలదీయడం అక్కడ ఉంది. చదువుతున్న ఆయన గొంతు మధ్యలో చిన్నదైపోయింది. ఆ వారం ఒక కుటుంబం టీ తాగింది. రెండో కుటుంబం తరువాతి వారం నుంచి రావడం మానేసింది, ఇప్పటికీ రాలేదు. ఇంటింటికీ మారే నియమాన్ని మాత్రం మేము మార్చలేదు, మార్చవద్దనే మీకూ చెబుతాము.

ఏ రోజు, ఏ సమయం మంచిది?

మీ ఊరి పనిని బట్టి నిర్ణయించుకోండి. సార్వా (ఖరీఫ్) ఊడ్పుల్లోనూ, నవంబరు, డిసెంబరు కోతల్లోనూ జనం రాలేరు; ఆ వారాల్లో గంటకు కుదించండి, లేదా ఆపండి, సిగ్గుపడనక్కరలేదు. దాళ్వా (రబీ) కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజుల్లో కాస్త తీరిక ఉంటుంది. చేపల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవారికి సాయంత్రం ఆరు గంటలే నయం. నరసాపురం వైపు లేసు అల్లే స్త్రీలు మధ్యాహ్నం మూడింటికి కూడుకుంటారు. సూది ఆగదు, మాట ఆగదు. చేతిలో పని ఉండగా వాక్యం ఏమిటని మొదట్లో ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారుగానీ, నోటుపుస్తకం ముందేసుకుని కునుకు తీసే మగవారి కంటే వారే బాగా వింటున్నారని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. వానాకాలంలో దోమలకు వేపాకు పొగ పెట్టుకోవడం మరచిపోవద్దు.

కానుక పట్టాలా? టిఫిన్లు పెట్టాలా?

కానుక వద్దు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టులు పన్నెండేసి మందిగా ఏర్పడినదే మందిరం అప్పు తీర్చడానికి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయడం కోసం. అక్కడ ఆ వసూలు నుంచి పరస్పర పరామర్శ పుట్టింది; మన దగ్గర పరామర్శ నుంచి వసూలు పుట్టే ప్రమాదమే ఎక్కువ. టీ ఒక్కటే చాలు. ఒక ఇంట్లో గారెలు వేస్తే, తరువాతి ఇంటివారు పూతరేకులు పెట్టాలనుకుంటారు, ఆ తరువాతి ఇంటివారు తమ వంతు తప్పించుకుంటారు.

అక్కడ చెప్పుకున్న ఇంటి సంగతులు బయటకు పోతే?

పోతే గుంపు పోయినట్టే. ఒకసారి మా దగ్గర ఒకరి అప్పుల సంగతి ‘ప్రార్థన మనవి’ పేరుతో మరో కూటంలో మైకులో చదివారు. ఆయన మళ్ళీ నోరు విప్పడానికి ఏడాది పట్టింది. అప్పటి నుంచి ప్రతి నెల మొదటి గురువారం, ఇక్కడి మాట ఇక్కడే అని అందరి చేతా చెప్పిస్తున్నాము.

దూరాన ఉన్నవారు ఫోనులో కలవవచ్చా?

కలవవచ్చు. పైన చెప్పిన అక్క కూతురు కువైట్ నుంచి వీలైనప్పుడల్లా వాట్సాప్‌లో కలుస్తుంది. మాకు రాత్రి ఏడున్నర అయినప్పుడు అక్కడ సాయంత్రం ఐదు. ఫోనును స్టూలు మీద అందరికీ మధ్యన పెట్టండి, ఒకరి చేతిలో ఉంచకండి. ఆమె చదవవలసిన వచనాలు ముందురోజే పంపిస్తాము. ఆ ఇంట్లో పని తెమలక మధ్యలో ఫోను పెట్టేస్తే, ఆమె వంతు వచనం వాళ్ళమ్మ చదువుతుంది.

పన్నెండుమంది దాటితే?

రెండు చేయండి. బాధగానే ఉంటుంది; కలిసి కూర్చోవడం అలవాటైనవారు విడిపోవడానికి ఇష్టపడరు. మేము రెండేళ్ళ క్రితం విడిపోయినప్పుడు, కాలువ అవతలి ఐదుగురు అటువైపు మొదలుపెట్టారు. మామ్మగారు వాళ్ళతో వెళ్ళారు. అక్కడ వాళ్ళు మొదట తెరిచినది రూతు గ్రంథమేనని విన్నాము.